ఒకే కడుపులో ఇద్దరు వైద్యులు

"సాయంత్రం ఐదింటికి నా రిపోర్టు పోలీసుల చేతిలో ఉంటుంది. ఈలోగా మీరు ఆ వంటమనిషిని దేవతను చేస్తారో, ఇంకేం చేస్తారో మీ ఇష్టం మేడమ్," అన్నాడు ఈశ్వరరావు, చచ్చిపోయినవాడి కుర్చీలో తాపీగా వెనక్కి వాలి.

అరుంధతికి ఒళ్లు మండింది. నాలుగు రోజుల క్రితం కంపెనీ యజమాని పార్థసారథి ప్రాణం పోయింది ఆ కుర్చీలోనే. కాస్త మర్యాదైనా లేకుండా అందులో కూర్చుని కాలు మీద కాలేసుకున్నవాడితో మంచిగా మాట్లాడాలంటే చాలా ఓపిక కావాలి. ఆమె ఓపిక ఆవేళ పొద్దున్నే అయిపోయింది.

"ఐదు ఇంకా కాలేదుగా. లేవండి. ఆ కుర్చీ కూడా నేను చూడాలి," అంది.

ఈశ్వరరావు నవ్వుకుంటూ లేచాడు. కంపెనీలో డబ్బు పెట్టినవాళ్లు తెచ్చుకున్న డిటెక్టివ్ అతను. సూటు, టై, రెండు సెల్‌ఫోన్లు. అరుంధతికి ఉన్నదల్లా ఈ పరాయి దేశపు రేవు ఊళ్లో, సెరంగూన్ రోడ్డులో బంగారు కొట్టు మీద ఒక చిన్న గది. పెళ్లికొడుకుల వేట సీజనులో ఆ గదికి గిరాకీ ఎక్కువ. సాఫ్ట్‌వేర్ కుర్రాడు చెప్పిన జీతం నిజమో కాదో, ఫ్లాట్ సొంతమో అద్దెదో కనుక్కుని ఆడపిల్లల తండ్రులకు చెప్పడం ఆమె పని. ఆ సంగతి ఎత్తి దెప్పడం ఈశ్వరరావుకు సరదా. హత్య కేసులో కూడా వరుడి జాతకం చూస్తారా అని అప్పటికే రెండుసార్లు అడిగాడు.

అది రెండువేల సంవత్సరం. తేగల కట్టకు డాట్ కామ్ తగిలించినా పెట్టుబడి పెట్టేవాళ్లు దొరికే రోజులు. పార్థసారథి తగిలించింది తాటాకుల కట్టకు. సుమారు మూడు వందల ఏళ్ల కిందట, కోరంగి రేవులో ఒక ఓడల యజమానికి కడుపులో మంట పట్టుకుంటే సోమన్న వైద్యులు అనే ఆయన మందు ఇచ్చి, సముద్రం మీద ఎలా మసలుకోవాలో, ఏం తినాలో, ఎప్పుడు నిద్రపోవాలో పన్నెండు ఆకుల కట్టలో రాసిచ్చాడట. పార్థసారథి ఆ హితవుల్ని ఇంగ్లీషులో పెట్టి, రోజుకొకటి చొప్పున ప్రపంచంలోని కడుపుమంట బాధితులందరికీ కంప్యూటర్లో పంపుతున్నాడు. రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసు, ముప్పై మంది ఉద్యోగులు, త్వరలో షేర్ల అమ్మకం. నిద్రాహారాలు లేని ఆ పరుగులో ఓడల యజమాని జబ్బే ఆయనకూ వచ్చింది. ఆ పాత కషాయమే తానూ తాగడం మొదలుపెట్టాడు.

మూడు నెలలు తాగాడు. నాలుగు రోజుల క్రితం, ఉదయం కషాయం తాగిన కాసేపటికి బల్ల మీద తల వాల్చేశాడు. గుండె ఆగిపోయింది. ఆయనకు గుండెజబ్బు ముందునుంచీ ఉంది, రోజూ ఒక బిళ్ళ వేసుకుంటాడు. ఆ బిళ్ళ ఎక్కువైనప్పుడు కనిపించే లక్షణాలే శవంలో కనిపించాయన్నారు డాక్టర్లు. సొరుగులో ఉండాల్సిన బిళ్ళల డబ్బా మాయమైంది. కషాయం తెచ్చిన ఫ్లాస్కును వంటమనిషి నాగమల్లేశ్వరి అప్పటికే శుభ్రంగా కడిగేసింది.

ఈశ్వరరావు లెక్క అంతటితో తేలిపోయింది. వంటమనిషి డబ్బాలో బిళ్ళలన్నీ ఫ్లాస్కులో కలిపింది. ఆమె వర్క్ పర్మిట్ రద్దు చేయిస్తానని పార్థసారథి వారం కిందట కోప్పడ్డాడు కాబట్టి కారణం కూడా దొరికింది. కషాయంలో దోషం లేదనడానికి తిరుగులేని సాక్ష్యం ఉంది. సోమన్న వైద్యుల వంశంలో ఒక కట్టుబాటు. మందు ఇచ్చేవాడు రోగి కళ్లెదుట ముందు తాను తాగి చూపించాలి. ఆ వంశంలో మిగిలిన కేశవరావు ప్రతి ఆదివారం కషాయం పొడి తెచ్చి, కాయించి, ముందు తాను తాగాకే పార్థసారథికి ఇచ్చేవాడు. డెబ్బై ఏళ్ల ఆయన మూడు నెలలు తాగి బతికే ఉన్నాడు.

ఈ కేశవరావే అరుంధతి మేనమామ. ఆమెకు ఆరేళ్లప్పుడు తల్లి పోతే, సెంబవాంగ్ నేవల్ బేస్‌లో గుమాస్తాగా ఉంటూ ఒంటిచేత్తో పెంచింది ఆయనే. కేసు ఆమెకు అప్పగించిందీ ఆయనే. పొట్ట చేత పట్టుకుని వచ్చిన పిల్ల, దాని మెడకు ఉరి తగిలించేలా ఉన్నారు, నువ్వు అడ్డుపడాలి తల్లీ అని ఫోనులో బతిమాలాడు. ఆయన అడిగాక అరుంధతి ఫీజు మాట కూడా ఎత్తలేదు.

"మీకొక విషయం చెప్పాలి," అంది కుర్చీ చేతులు తడిమి చూస్తూ. "పొద్దున ఆసుపత్రి డాక్టరుతో మాట్లాడాను. కషాయంలో అతిమధురం ఎక్కువ. అది నెలల తరబడి తాగితే ఒంట్లో ఉండాల్సిన పొటాషియం పడిపోతుందట. అలాంటి ఒంట్లో ఆ గుండె బిళ్ళ మామూలుగా ఒకటి వేసుకున్నా విషమే. కాబట్టి ఎవరూ డబ్బా ఒలకబోయక్కర్లేదు. మందుకు దోషం లేదు, బిళ్ళకూ దోషం లేదు. రెండూ కలవడమే దోషం."

ఈశ్వరరావు ముఖంలో నవ్వు తగ్గింది. తలుపు వేసి వచ్చి గొంతు తగ్గించాడు. సొంత వెబ్‌సైటు చెప్పిన సలహాతో యజమానే పోయాడని తెలిస్తే రేపు ఈ కంపెనీ షేరు చిత్తు కాగితమని, తనను తెచ్చుకున్నవాళ్లు అది ఒప్పుకోరని దాచకుండానే చెప్పాడు.

"అయినా మేడమ్, అంత పెద్ద వైద్యుడు అంత ముఖ్యమైన ముక్క రాయకుండా ఉంటాడా? పగటి నిద్ర వద్దన్నాడు, పులుపు వద్దన్నాడు, ఎడమ పక్కకు తిరిగి పడుకోమన్నాడు. వేరే మందుతో కలపొద్దని మాత్రం మర్చిపోయాడా? మీ మావయ్యగారే ఆకులన్నీ చదివి పెట్టారు. అందులో లేదు."

అది నిజమే. అరుంధతి కుర్చీ వదిలి వంటగది వైపు నడిచింది.

*

నాగమల్లేశ్వరి ఆఫీసు వంటగదిలో స్టూలు మీద ముడుచుకుని కూర్చుంది. రాజోలు దగ్గరి మనిషి. పాస్‌పోర్టు పోలీసులు పట్టుకెళ్లారు. ఎవరొచ్చి ఏం అడిగినా ముందు ఫ్లాస్కు సంగతే చెబుతోంది. తాగిన గిన్నె కడక్కుండా ఉంచితే ఎంగిలి ఎండిపోతుందని, ఎవరింట్లో అయినా అలాగే కడుగుతానని, అది తప్పని తనకు తెలియదని ఏడ్చింది.

అరుంధతి ఫ్లాస్కు సంగతి వదిలేసి, రోజూ చేసే పని మొదటినుంచి వరసగా చెప్పమంది.

"ఆయ్, చెప్తానండి. పొద్దున్నే పొడి మరగబెట్టేదాన్ని. నాలుగో వంతుకి వచ్చాక వడకట్టి ఫ్లాస్కులో పోసుకుని ఆఫీసుకి తెచ్చేదాన్ని. అయ్యగారు టిఫిను తిని బిళ్ళ వేసుకునేవారు. అప్పుడు అరగంట ఆగి కషాయం ఇచ్చేదాన్ని. పెద్దయ్యగారు అలాగే చెయ్యమన్నారండి."

"ఏ పెద్దయ్యగారు?"

"మీ మావయ్యగారేనండి. బిళ్ళ, కషాయం ఒక్కసారి ఇవ్వకే అమ్మాయ్, మధ్యలో కాస్త ఎడం ఉండాలి అన్నారు. మొదటి రోజే చెప్పారు."

అరుంధతి సరేనని తలాడించి, ఆ రోజు గదిలోకి ఎవరెవరు వచ్చారని తర్వాతి ప్రశ్న అడిగింది. ఆ జవాబు వింటూ ఉండగా అంతకుముందు విన్న మాట తిరిగొచ్చింది. పార్థసారథి బిళ్ళలు వేసుకుంటాడని తనకు తెలియనే తెలియదని కేశవరావు మొన్న ఆమెతో చెప్పాడు. తెలిస్తే కషాయం ఇచ్చేవాణ్ణేనా అని కళ్లు తుడుచుకున్నాడు కూడా.

ముసలాయన మరిచిపోయి ఉంటాడని సరిపెట్టుకుంది. లేకపోతే ఈ పిల్లే భయంతో కలగాపులగం చేస్తూ ఉంటుంది. ఇంకెవరి గురించైనా అయితే ఈ రెండు సాకుల్లో ఒక్కటి కూడా ఆమె ఒప్పుకునేది కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, అయినా సరిపెట్టుకుంది.

*

తాటాకుల కట్ట పార్థసారథి గదిలోనే, గాజు పెట్టెలో ఉంది. తాళం ఆయన కూతురు ప్రణవి దగ్గర ఉంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, మాట చివర ఇక్కడివాళ్ల 'లా' తగిలిస్తుంది. ఆకుల్ని స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించిన పని అంతా తనదే. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి గానీ, పని విషయం అడిగేసరికి గొంతు నిలదొక్కుకుంది.

"మొత్తం ట్వెల్వ్ లీవ్స్ ఆంటీ. కానీ మ్యాటర్ లెవెన్ మీదే ఉంది. లాస్ట్‌ది బ్లాంక్ లా. కట్టకు అట్టలాగా చివర ఒక ఖాళీ ఆకు పెడతారని కేశవ్ తాతగారు చెప్పారు."

అలా పెట్టే మాట వాస్తవమే. అరుంధతి కట్ట విప్పింది. తాటాకు మీద రాత అంటే సిరా కాదు, గంటంతో గీసిన గీత. మసి పూసి తుడిస్తేనే గీతల్లో నలుపు నిలబడి అక్షరం కనిపిస్తుంది. పూయకపోతే ఎంత పండితుడికైనా అది ఉత్త ఆకే. పదకొండు ఆకుల మీద అక్షరాలు నల్లగా, స్పష్టంగా ఉన్నాయి. అది మావయ్య చేతి పని. చిన్నప్పుడు బడి సెలవుల్లో పక్కన కూర్చోబెట్టుకుని ఆమెతోనూ చేయించేవాడు.

నల్లటి ఆకుల్లో ఒకటి చదివింది. 'కోపము వచ్చినప్పుడు మందు తినకుము. మందు తిన్నప్పుడు కోపము తెచ్చుకొనకుము.' ఇంకొకటి, 'ఓడ మునుగునని తలఁచుచు భోజనము చేయకుము. మునిగెడి ఓడ నీవు తిన్నను మునుఁగును, తినకున్నను మునుఁగును.' సోమన్న వైద్యులు ఎవరో గానీ రోగిని బాగా ఎరిగిన మనిషి. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుని చెప్పినట్టుంది. అంత జాగ్రత్త గలవాడు అసలైన జాగ్రత్త చెప్పకుండా వదిలేశాడంటే అరుంధతికి నమ్మకం కుదరలేదు.

పన్నెండో ఆకు చేతిలోకి తీసుకుంది. తెల్లగా, ఖాళీగా ఉంది. కిటికీ వైపు ఏటవాలుగా పట్టి చూసింది. ఆ వెలుగులో ఏమీ తేలలేదు. ఆకుకు తాడు దూర్చే కన్నం దగ్గర వేలు ఆగింది. కన్నం లోపలి అంచు నల్లగా ఉంది. వేలికి నలుపు అంటుకుంది. వాసన చూసింది.

నిమ్మగడ్డి వాసన.

మసిని కొందరు ఆకు పసరులో కలుపుతారు, కొందరు నువ్వుల నూనెలో కలుపుతారు. నిమ్మగడ్డి నూనెలో కలపడం కేశవరావు పద్ధతి. పురుగు పట్టదనేవాడు. ఇక్కడి బజారులో సెరాయ్ అని కట్టలు కట్టి అమ్మే ఆ గడ్డి తేవడానికి చిన్నప్పుడు పరుగెత్తేది తనే. ఆకు ఎప్పుడూ ఖాళీగా ఉంటే దాని కన్నంలో మసి ఎందుకుంటుంది? పూశాడు. చదివాడు. తర్వాత గీతల్లోని నలుపు కూడా పోయేలా తుడిచేశాడు. పైనంతా తుడిచినవాడికి కన్నంలోకి వేలు పోలేదు.

"ప్రణవీ, మీ నాన్న ఇక్కడ దేవుడికి హారతి ఇచ్చేవారా?"

ప్రణవి గోడ అలమర చూపించింది. వెంకటేశ్వరస్వామి పటం, ముందు ఇత్తడి హారతి పళ్లెం. నెలల తరబడి కర్పూరం వెలిగించిన మసి దాని మీద పేరుకుంది. అరుంధతి దాన్ని చెంచాతో గీరి, కుందిలో మిగిలిన నూనె చుక్క కలిపి, ఒత్తి దూదితో ఆకంతా పూసింది. ఇంకో దూదితో మెల్లగా తుడిచింది. ఎడమ చివరినుంచి అక్షరాలు ఒక్కొక్కటే పైకి లేచాయి. ప్రణవి తన ఏడుపు మరిచిపోయి ఆమె భుజం మీదుగా వంగింది.

అరుంధతి పైకి చదివింది. 'అన్యవైద్యుని యౌషధము కడుపున నుండఁగా నా మందు ముట్టకుము. ఒక కడుపున నిద్దఱు వైద్యులు పోరిన, చచ్చునది రోగియే.'

ప్రణవికి ఆ తెలుగు సగం అర్థమైంది. ఆ సగమే చాలింది. "తాతగారికి తెలుసా ఆంటీ?" అని మాత్రం అడిగింది. అరుంధతి ఆకును బల్ల మీద ఆరబెట్టింది. ఆ రోజు అందరికంటే ముందు ఓదార్చడానికి వచ్చింది ఎవరని తిరిగి అడిగింది. కేశవ్ తాతగారే, పోలీసులు రాకముందే వచ్చారు, నాన్న బల్ల దగ్గర చాలాసేపు నిలబడ్డారు అంది పిల్ల.

తలుపు దగ్గర చప్పట్లు వినిపించాయి. ఈశ్వరరావు ఎప్పుడొచ్చాడో తెలియదు.

"భేష్ మేడమ్. నేను ఒప్పుకుంటున్నాను," అన్నాడు. ప్రణవిని మంచినీళ్లు తెమ్మని పంపేసి దగ్గరకు వచ్చాడు. ఈసారి వెటకారం లేదు, బేరం ఉంది. ఆకు మీద మసి ఎవరైనా పూయొచ్చు. కన్నంలో నలుపు చూపించి జడ్జిని ఒప్పించలేరు. తాను చదివి దాచానని ముసలాయన తన నోటితో చెబితే తప్ప ఇది చెల్లని సాక్ష్యం. చెప్పించారనుకుందాం. పెంచిన మేనమామను మీ చేత్తోనే ఉరికంబం ఎక్కిస్తారు. ఎందుకొచ్చిన గొడవ? ఆకు మళ్లీ తుడిచి కట్టలో పెట్టండి. మీ మావయ్య జోలికి నేను రాను. వంటమనిషికి ఎలాగూ ఎవరూ లేరు.

ఎవరూ లేరు అన్న మాట దగ్గర అరుంధతి తల ఎత్తింది. తల్లి పోయిన రోజు నేవల్ బేస్ క్వార్టర్సులో ఎవరో తన గురించి కూడా అదే మాట అన్నారు. నేను లేనా అని అప్పుడు ముందుకొచ్చినవాడు కేశవరావు.

"ఆవిడకు నేనున్నాను," అంది. "ఐదింటిలోగా ఆయన నోటితోనే చెప్పిస్తాను. అప్పటిదాకా మీ రిపోర్టు జేబులో పెట్టుకోండి."

"మేనమామ మీద ప్రేమ ఉన్న మేనకోడలు అక్కడికి వెళ్లి ఏం చేస్తుందో నాకు తెలుసు మేడమ్. ఏడ్చి వస్తుంది," అన్నాడు ఈశ్వరరావు.

ఆకును ప్రణవికి అప్పగించి, బ్యాగులో పెట్టి తాళం వేసుకోమని, ఎవరడిగినా ఇవ్వొద్దని చెప్పింది. రైలు స్టేషన్ మెట్లు దిగుతూ ఫోను తీసింది. డిటెక్టివ్ అయితే చెప్పకుండా వెళ్లి తలుపు కొట్టేది. మేనకోడలు కాబట్టి ముందు ఫోను చేసింది.

"మావయ్యా, పన్నెండో ఆకు చదివాను. వస్తున్నాను."

"రా తల్లీ. ఎండన పడి వస్తావు, కషాయం పెట్టి ఉంచుతాను," అన్నాడు కేశవరావు.

*

మావయ్య ఉండే సెంబవాంగ్ దాకా రైల్లో కూర్చుని ఆమె మనసు ఆయన తరపున వాదిస్తూనే ఉంది. చదివి ఉండకపోవచ్చు. చదివినా అర్థం కాకపోవచ్చు. ఆయనకు అర్థం కాని తాటాకు ఉండదని, తనకు అక్షరం నేర్పినవాడే ఆయనని తెలిసి కూడా వాదించింది. ఇంతలో ఇంకో సంగతి తట్టింది. బిళ్ళకూ కషాయానికీ మధ్య అరగంట ఎడం పెట్టమనడం వైద్యుడి అలవాటు. చంపబోయే మనిషి విషయంలో కూడా ఆ అలవాటు ఆయన మానలేకపోయాడు. ఆ మాట తట్టాక ఆమె వాదన ఆగిపోయింది. రైలు దిగేసరికి నోరు ఎండిపోయింది.

ఫ్లాటు తలుపు తీసే ఉంది. కేశవరావు ఉతికిన పంచె కట్టుకుని, విభూతి పెట్టుకుని, కుర్చీలో కూర్చున్నాడు. ముందు బల్ల మీద చెంబులో కషాయం, రెండు గ్లాసులు. ముఖం పాలిపోయి, నుదుటి మీద చెమట పట్టి ఉంది. భయమేమో అనుకుంది అరుంధతి. రెండు గ్లాసుల్లోనూ పోసి, ఎప్పటిలాగే ముందు తాను తాగాడు. రెండోది ఆమె వైపు జరిపాడు. నలభై ఏళ్ల అలవాటు, అనుమానం కంటే ముందు ఆమె చెయ్యే అందుకుంది. దాహం మీద సగం తాగేశాక గ్లాసు కింద పెట్టింది.

"ఎందుకు మావయ్యా?"

ఆయన బుకాయించలేదు. ఆ ఆకుల్ని పెట్టెలో పెట్టుకుని ఓడెక్కి వచ్చానని, నలభై ఏళ్లు పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకున్నానని మొదలుపెట్టాడు. లోకానికి పంచుదాం, పైన సోమన్న వైద్యుల పేరే ఉంటుందని పార్థసారథి కాళ్లకు దండం పెట్టి అడిగితే నమ్మి ఇచ్చాడు. ఆరు నెలలు తిరక్కుండా కషాయం మీద పేటెంటుకు అర్జీ పెట్టాడు పార్థసారథి. కనిపెట్టినవాడి పేరు దగ్గర తన పేరు పెట్టుకున్నాడు. అడిగితే, పోయినవాళ్ల పేరున పేటెంటు ఇవ్వరు అంకుల్ అని నవ్వాడు.

"మూడు వందల ఏళ్లు మా వాళ్లు ఊరికే ఇచ్చిన మందు అది. వాడు నన్ను మోసం చేశాడంటే ఓర్చుకుందును. సోమన్నగారినే తుడిచేశాడు తల్లీ."

"నువ్వు చేసిందీ అదేగా," అంది అరుంధతి. "ఆయన చెప్పిన మాటల్లో రోగి ప్రాణం కాపాడే మాట ఒక్కటే. దాన్ని నువ్వు తుడిచావు."

కేశవరావు ఆ దెబ్బకు కళ్లు మూసుకున్నాడు.

"ఆ పిల్ల మీదికి పోతుందనుకోలేదు. అందుకే నిన్ను పెట్టాను."

"నేను గెలవాలని పెట్టావా, ఓడాలని పెట్టావా?"

"ఆ పిల్ల వరకు గెలుస్తావనుకున్నాను. నా దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతావనుకున్నాను." ఆయన గొంతు నెమ్మదిగానే ఉంది. "నామీద నీకున్న ప్రేమ అంత పెద్దదనుకున్నాను."

ఊళ్లో ఇంతమంది డిటెక్టివులుండగా తనను ఎందుకు పిలిచాడో అరుంధతికి ఇప్పుడు తెలిసింది. తెలివి చూసి పిలవలేదు. ప్రేమ చూసి, దాని చాటున దాక్కోవచ్చని పిలిచాడు. తల్లి పోయినప్పుడు కూడా రాని కన్నీళ్లు ఇప్పుడు జారాయి.

"లే మావయ్యా. పోలీసుల దగ్గరికి వెళ్దాం. ఐదు లోపల నువ్వు చెప్పకపోతే ఆవిడ జైలుకి పోతుంది. నీ నోటి మాట తప్ప నా దగ్గర సాక్ష్యం లేదు."

"పోదాం తల్లీ. కాస్త ఆగు," అన్నాడు. లేవబోయి మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. చెయ్యి బల్ల అంచును పట్టుకుంది. ఆ చెయ్యి తగిలి చెంబు పక్కకు జరిగింది. దాని వెనక చిన్న తెల్ల డబ్బా ఉంది. మీద పార్థసారథి పేరు, ఆసుపత్రి చీటీ. అరుంధతి అందుకుని ఊపింది. ఖాళీగా ఉంది.

"ఎప్పుడు వేసుకున్నావు?"

"నీ ఫోను పెట్టేశాక."

ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది. నాడి చూడడం కూడా ఆయన నేర్పిన విద్యే. మూడుసార్లు కొట్టి ఒకసారి ఆగుతోంది. మళ్లీ మూడు కొట్టి ఈసారి ఇంకాస్త ఎక్కువసేపు ఆగింది. కన్నీళ్లు తుడుచుకోకుండానే రెండో చేత్తో ఫోను తీసి అంబులెన్సుకు నొక్కింది. మోసం చేసిన ఈ మనిషిని ఇప్పుడు ఎలాగైనా బతికించి తీరాలి. ఆయన పోతే ఆయనతో పాటే నాగమల్లేశ్వరి బతుకూ పోతుంది.

అవతలి గొంతు చిరునామా అడిగింది, చెప్పింది. ఏం తిన్నారని అడిగింది, డబ్బా మీద పేరు చదివి చెప్పింది. అప్పుడు బల్ల మీద సగం తాగిన తన గ్లాసు కనిపించింది. ముందు తాను తాగి చూపించాడు. పార్థసారథికీ ముందు తాగే చూపించాడు.

కేశవరావు ఆమె చూపు ఎక్కడ ఆగిందో చూశాడు. "నీ దాంట్లో ఏమీ లేదు తల్లీ. ఒట్టు," అన్నాడు మెల్లగా.

ఆరేళ్ల వయసునుంచీ ఆయన చెప్పిన ప్రతి మాటా ఆమె నమ్మింది. ఈ మాట నమ్మాలో వద్దో ఆమెకు తెలియలేదు. పేషెంట్లు ఎంతమంది అని ఫోనులో గొంతు రెండోసారి అడుగుతోంది.

అరుంధతి ఆయన ముఖంలోకి చూస్తూనే, "ఇద్దరు," అంది.